థైరాయిడ్‌లో క్యాన్సర్ కాని గడ్డలు: మెడను చేత్తో పరీక్షించినప్పుడు ఏం తెలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో మా ఓపీకి మెడ దగ్గర గడ్డతో వచ్చేవారిలో చాలామంది ముందుగానే స్కానింగ్ చేయించుకుని, ఆ కవరు బల్ల మీద పెట్టి, తమ మెడను ఇంతవరకు ఎవరూ తాకి చూడలేదని చెబుతుంటారు. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, పాడేరు ఘాట్ దిగి వచ్చేవారి నుంచి మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. ఇవి మీ డాక్టరు చేసే పరీక్షను అర్థం చేసుకోవడానికే తప్ప, ఆ పరీక్షకు బదులుగా వాడుకోవడానికి కావు.

థైరాయిడ్‌లో క్యాన్సర్ కాని గడ్డ అంటే ఏమిటి?

కంఠమణికి కాస్త దిగువన, శ్వాసనాళానికి రెండు పక్కలా రెండు తమ్మెలుగా, మధ్యలో సన్నని వంతెనలాంటి భాగంతో కలిసి ఉండే గ్రంథి థైరాయిడ్. పెద్దవారిలో దీని బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. ఈ గ్రంథిలో కొంత భాగం విడిగా పెరిగి గడ్డకట్టినప్పుడు, అది చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోకుండా, ఇతర అవయవాలకు పాకకుండా ఉంటే దాన్ని నిరపాయకరమైన గడ్డ అంటాం. వీటిలో ఫాలిక్యులర్ అడినోమా నిజమైన కణితి, దాని చుట్టూ పలుచని పొర ఉంటుంది. జిగురు పదార్థం నిండిన కొల్లాయిడ్ గడ్డలు, నీటి తిత్తులు, అనేక గడ్డల గాయిటర్ (గ్రంథి వాపు) కచ్చితమైన అర్థంలో కణితులు కావు గాని, బయట నుంచి చూసేవారికీ తాకేవారికీ ఇవన్నీ ఒకే తీరుగా గడ్డలుగానే కనబడతాయి కాబట్టి పరీక్ష అన్నిటికీ ఒకే పద్ధతిలో మొదలవుతుంది.

థైరాయిడ్ గడ్డల్లో క్యాన్సర్‌గా తేలేవి నూటికి 7 నుంచి 15 వరకే ఉంటాయి. మిగిలినవన్నీ ఈ పేజీలో చెప్పుకొంటున్న కోవలోకి వస్తాయి.

స్కానింగ్ రిపోర్టు చేతిలో ఉండగా మెడను మళ్లీ తాకి చూడటం ఎందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే గడ్డను కనిపెట్టడంలో చేతి కంటే స్కానింగే మెరుగు. పెద్దవారిలో చేతికి దొరికే గడ్డలు నూటికి నాలుగు నుంచి ఏడుగురిలో ఉంటే, అల్ట్రాసౌండ్ చేస్తే వయసునుబట్టి, జనాభానుబట్టి 19 నుంచి 68 శాతం మందిలో ఏదో ఒక గడ్డ కనబడుతుంది. ఒక సెంటీమీటరు కంటే చిన్నవి, గ్రంథి వెనక భాగంలో దాగినవి ఎంత అనుభవం ఉన్న వేళ్లకైనా చిక్కకపోవచ్చు.

అయినా చేతితో చూడవలసిందే. గడ్డ ఎంత గట్టిగా ఉంది, శ్వాసనాళానికి అంటుకుపోయిందా, గుటక వేస్తే స్వేచ్ఛగా లేస్తోందా, చేతులు పైకెత్తితే ముఖం కందుతోందా, గొంతు మారిందా, చేతివేళ్లు వణుకుతున్నాయా అన్న ప్రశ్నలకు మామూలు మెడ స్కానింగ్ రిపోర్టులో సమాధానం ఉండదు. స్కానింగ్ గడ్డ కొలతలు చెబుతుంది, ఆ గడ్డ ఆ మనిషిని ఎంత ఇబ్బంది పెడుతోందో చెప్పేది పరీక్షే. నా మటుకు నేను ముందు మెడ చూసి, ఆ తరువాతే కవరు విప్పుతాను. ముందే రిపోర్టు చదివితే వేళ్లు రిపోర్టులో ఉన్నదాన్నే వెతుకుతాయి.

పరీక్ష గదిలో నీళ్ల గ్లాసు ఎందుకు ఇస్తారు?

మొత్తం పరీక్షలో అత్యంత విలువైన పరికరం ఆ గ్లాసే అంటే అతిశయోక్తి కాదు. థైరాయిడ్ గ్రంథి బెర్రీ లిగమెంట్ అనే గట్టి పట్టీతో శ్వాసనాళపు పై భాగానికి, స్వరపేటికకు కట్టివేసినట్టుగా ఉంటుంది. మీరు గుటక వేసినప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, దానితోపాటు గ్రంథి, గ్రంథిలోని గడ్డ కూడా లేచి మళ్లీ దిగుతాయి. మెడలో పుట్టే కొవ్వు గడ్డలు, పక్కన ఉండే లింఫ్ గ్రంథుల వాపులు సాధారణంగా ఇలా లేవవు. కాబట్టి ఈ కదలిక ఒక్కటి చూస్తే గడ్డ థైరాయిడ్‌దా, కాదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

చూసే తీరు ఇలా ఉంటుంది. రోగిని కిటికీ వైపు తిరిగి స్టూలు మీద కూర్చోబెడతాం. నల్లపూసలు, గొలుసులు తీయించి లేదా భుజాల మీదికి జరిపించి, మెడను కొద్దిగా వెనక్కి వాల్చమని, ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టి ఉంచమని చెబుతాం. “ఇప్పుడు మింగండి” అన్న క్షణాన, అంతవరకు ఏమీ లేనట్టు కనిపించిన మెడ మీద, కాలర్ ఎముకల మధ్య గుంటకు కాస్త పైన, చర్మం కింద ఉసిరికాయంత గుండ్రని నీడ పైకి పాకి, ఒక్క లిప్త ఆగి, తిరిగి జారిపోతుంది. పక్కన నిలబడిన భర్తకో కూతురికో అది మొదటిసారి కనిపించేది అప్పుడే. ఒక గుక్కతో సరిపెట్టకూడదు. ఎదురుగా నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, తాకుతూ మరొకసారి, కనీసం మూడు గుక్కలు కావాలి.

శిక్షణలో ఉన్న రోజుల్లో నేను ఒకే గుక్కతో పని ముగించి, ఒక పెద్దావిడ గడ్డ కింది అంచు నాకు దొరికిందని కేసు షీటులో రాసేశాను. మా సారు వచ్చి రెండోసారి నీళ్లు తాగించి చూస్తే, నేను అంచు అనుకున్నది గడ్డ మధ్యలో ఉన్న నొక్కు మాత్రమే. అసలు అంచు ఛాతీ ఎముక వెనక్కి దిగిపోయి ఉంది.

గడ్డ గుటకతో కదలకుండా ఉండిపోతే అది గ్రంథి చుట్టూ ఉన్న కణజాలానికి అంటుకుపోయిందేమో అన్న అనుమానం వస్తుంది, అది మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. అయితే మరీ పెద్ద గాయిటర్ కూడా మెడలో చోటు చాలక సరిగా లేవలేదు.

నాలుక బయటపెట్టమని ఎందుకు అడిగారు?

మెడ మధ్య గీత మీద ఉండే, పుట్టుకతో వచ్చే థైరోగ్లాసల్ తిత్తి గుటకతోనూ లేస్తుంది, నాలుక బయటికి చాపినా లేస్తుంది. థైరాయిడ్ గడ్డ గుటకతో మాత్రమే లేస్తుంది. రెంటికీ చికిత్స వేరు కాబట్టి ఈ చిన్న తేడా చూస్తారు.

డాక్టరు నా వెనక నిలబడి రెండు చేతులతో మెడ పట్టుకుంటే భయం వేసింది. అలా చేయడం అవసరమా?

అవసరమే. కాని ముందు చెప్పి చేయాలి, చెప్పకుండా మొదలుపెడితే మీరు అడగవచ్చు. వెనక నుంచి చూసేటప్పుడు బొటనవేళ్లు మెడ వెనక ఆనించి, మిగిలిన వేళ్లతో రెండు తమ్మెలనూ ఒకేసారి పోల్చి చూడటం వీలవుతుంది. తల కొద్దిగా ముందుకు వంచి, చూస్తున్న వైపుకే కాస్త తిప్పమంటారు, ఎందుకంటే అలా తిప్పితే ఆ పక్క మెడ కండరం వదులై దాని కింద ఉన్న గ్రంథి వేళ్లకు అందుతుంది.

గడ్డ చిన్నదై అంతుచిక్కకపోతే ఎదురుగా కూర్చుని, ఒక చేత్తో గ్రంథిని అవతలి పక్కకు నెట్టి, ఆ పక్క ఉబ్బిన తమ్మెను రెండో చేత్తో తడిమి చూస్తారు. అమెరికా శస్త్రవైద్యుడు ఫ్రాంక్ లేహీ పేరుతో పిలిచే పద్ధతి ఇది. మెడ పొట్టిగా, లావుగా ఉన్నవారిని చేతులు తల వెనక కట్టుకుని తలను ఆ చేతుల మీదికి నెట్టమంటారు. దాన్ని పిజిల్లో పద్ధతి అంటారు. థైరాయిడ్ గ్రంథి మీద చేసిన కృషికి 1909లో నోబెల్ బహుమతి అందుకున్న థియొడోర్ కోఖర్ పేరుతో మరొక పరీక్ష ఉంది. తమ్మెలను రెండు పక్కల నుంచి మృదువుగా నొక్కినప్పుడు ఊపిరిలో గురగుర శబ్దం వస్తే శ్వాసనాళం అప్పటికే ఇరుకైందని అర్థం. ఇందులో మృదువుగా అన్న మాటే ముఖ్యం.

ఈ పరీక్షల్లో నొప్పి ఉండకూడదు. నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పండి, ఆ నొప్పి కూడా ఒక ఆధారమే.

క్యాన్సర్ కాని గడ్డ చేతికి ఎలా తగులుతుంది?

సాధారణంగా ఫాలిక్యులర్ అడినోమా ఒంటరిగా, గుండ్రంగా లేదా కోడిగుడ్డు ఆకారంలో, నున్నగా, అంచులు స్పష్టంగా తెలిసేలా, నొప్పి లేకుండా, గుటకతో హాయిగా లేచేలా ఉంటుంది. దాని మీది చర్మం మామూలుగానే ఉండి, వేళ్లతో పట్టుకుంటే విడిగా పైకి వస్తుంది.

గట్టిదనాన్ని చెప్పడానికి వైద్య విద్యార్థులకు ఒక సులువైన కొలమానం నేర్పుతాం. మీ పెదవి తాకి చూడండి, అది మెత్తన. ముక్కు కొన తాకండి, అది బిగువు. నుదురు తాకండి, అది గట్టి. అడినోమా చాలావరకు ముక్కు కొనలా సాగుడు బిగువుతో ఉంటుంది. కొల్లాయిడ్ గడ్డలు పెదవికీ ముక్కు కొనకూ మధ్య ఎక్కడో ఉంటాయి. శరీర రోగనిరోధక శక్తి గ్రంథి మీదే దాడి చేసే హషిమోటో థైరాయిడైటిస్‌లో గ్రంథి మొత్తం రబ్బరులా బిగిసి, పైన చిన్నచిన్న బుడిపెలతో తగులుతుంది. ఒక్కోసారి వాటిలో ఒక బుడిపెనే గడ్డ అని పొరపడటం జరుగుతుంది.

పరిమాణాన్ని రేగిపండంత, నిమ్మకాయంత అని చెప్పుకోవడం మన అలవాటు. ఇంట్లో అది బాగానే ఉంటుంది గాని కేసు షీటులో సెంటీమీటర్లలోనే ఉండాలి, ఎందుకంటే ఏడాది తరువాత మరో డాక్టరు చూసినప్పుడు ఆయన మనసులోని నిమ్మకాయ వేరుగా ఉండవచ్చు. గాయిటర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో సరళం చేసిన మూడు మెట్ల లెక్క ఉంది. చేతికీ కంటికీ దొరకనిది సున్నా, మెడ మామూలుగా ఉన్నప్పుడు కనబడకపోయినా చేతికి దొరికేది ఒకటి, మెడ మామూలుగా ఉన్నప్పుడే కంటికి కనబడేది రెండు.

గడ్డ మెత్తగా, కదులుతూ ఉందన్నారు. అంటే క్యాన్సర్ కాదని నిశ్చింతగా ఉండవచ్చా?

పూర్తిగా ఉండకూడదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. చేతి పరీక్ష అనుమానాన్ని పెంచగలదు, తగ్గించగలదు, కాని క్యాన్సర్ కాదని తీర్పు చెప్పలేదు.

రెండు వైపులా మినహాయింపులు ఉన్నాయి. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిలరీ క్యాన్సర్ కొన్నిసార్లు నీటి తిత్తిగా మారి మెత్తగా తగులుతుంది. దానికి విరుద్ధంగా, ఇరవై ఏళ్లుగా ఉన్న గాయిటర్‌లో సున్నం చేరిన గడ్డ గచ్చకాయలా గట్టిగా ఉండి, పరీక్షల్లో ఏ ప్రమాదమూ లేనిదిగా తేలవచ్చు. నీరు బాగా నిండి బిగిసిన తిత్తి కూడా గట్టి గడ్డలాగే భ్రమింపజేస్తుంది.

పైగా ఫాలిక్యులర్ అడినోమా విషయంలో సూది పరీక్ష (గడ్డ నుంచి సన్నని సూదితో కణాలు పీల్చి చూడటం) కూడా తీర్పు ఇవ్వలేదు. అది అడినోమానా, ఫాలిక్యులర్ క్యాన్సరా అన్నది గడ్డ పొరను గాని, రక్తనాళాలను గాని కణాలు చీల్చుకుని బయటికి వెళ్లాయా లేదా అన్న దాని మీదే ఆధారపడుతుంది. సూదితో పీల్చిన విడివిడి కణాల్లో పొర కనబడదు. అందుకే అలాంటి గడ్డ ఉన్న తమ్మెను తీసి, పొర చుట్టూ ముక్కలు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే విషయం తేలుతుంది. “సూది పరీక్ష చేశాక కూడా ఆపరేషన్ అంటున్నారు, అయితే క్యాన్సరేనా?” అని కళ్లనీళ్లు పెట్టుకునేవారికి ఈ కారణం వివరంగా చెప్పవలసిన బాధ్యత మాది.

ఎలాంటి లక్షణాలు కనబడితే త్వరపడాలి?

గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, కొన్ని వారాల్లోనే వేగంగా పెరగడం, కొత్తగా గొంతు బొంగురుపోవడం, మెడ పక్కన బిళ్లలు కట్టడం, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బంది కలగడం వంటివి ఉంటే రోజులు వాయిదా వేయకూడదు. చిన్నతనంలో మెడకు రేడియేషన్ తీసుకున్నవారు, దగ్గరి బంధువుల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు, గడ్డ వచ్చిన చిన్నపిల్లలు కూడా ఈ వరుసలోకే వస్తారు. గడ్డలు స్త్రీలలోనే ఎక్కువ, కాని మగవారిలో కనిపించిన గడ్డను ఇంకాస్త శ్రద్ధగా చూస్తాం.

గొంతు బొంగురుపోయిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ ఉండదు. పెద్ద గాయిటర్ కూడా అరుదుగా స్వరపేటిక నరాన్ని ఒత్తవచ్చు, జలుబు చేసినా బొంగురుపోతుంది. స్వరతంతువులు సరిగా కదులుతున్నాయా లేదా అన్నది చెవి, ముక్కు, గొంతు నిపుణులు చూసి చెబుతారు. బిళ్లల విషయం కూడా అంతే. క్యాన్సర్ కాని థైరాయిడ్ గడ్డ లింఫ్ గ్రంథులను వాచేలా చేయదు గాని, మన దగ్గర మెడ బిళ్లలకు క్షయ, పంటి చీము, టాన్సిల్స్ వంటి కారణాలు కూడా ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి ఉన్నాయన్నంత మాత్రాన ఒకదానికొకటి ముడిపెట్టి భయపడనవసరం లేదు.

ఎన్నాళ్లుగానో నొప్పి లేని గడ్డ రాత్రికి రాత్రి ఉబ్బి నొప్పి పుట్టింది. ఏం జరిగి ఉంటుంది?

చాలావరకు గడ్డ లోపల రక్తం కారి ఉంటుంది. అప్పుడు గడ్డ బిగుతుగా, తాకితే నొప్పిగా ఉంటుంది, కొన్ని రోజుల నుంచి వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఊపిరి అందకపోతే మాత్రం వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. జ్వరంతోపాటు నొప్పి చెవి వైపు పాకుతుంటే అది గడ్డ కాక, గ్రంథి వాపు అయి ఉండే అవకాశం ఉంది.

రెండు చేతులూ పైకెత్తి నిలబడమన్నారు. అది దేనికి?

గడ్డ ఛాతీ ఎముక వెనక్కి దిగిందేమో చూడటానికి. రెండు చేతులను చెవులకు తగిలేలా ఎత్తి సుమారు ఒక నిమిషం ఉంచమంటారు. గడ్డ లోపలికి దిగి ఉంటే, ఆ భంగిమలో ఛాతీ ముఖద్వారం ఇరుకై, సిరలు ఒత్తుకుని, ముఖం ఎర్రగా కందుతుంది, మెడ సిరలు ఉబ్బుతాయి, కొందరికి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. 1946లో హ్యూ పెంబర్టన్ వివరించిన గుర్తు ఇది. బట్టలు ఆరేయడానికి చేతులెత్తితే తల దిమ్మెక్కినట్టు ఉంటోందని ఎవరైనా చెబితే ఆ మాటను నేను తేలికగా తీసుకోను.

దీనితోపాటు గడ్డ కింది అంచు చేతికి అందుతోందా, శ్వాసనాళం మధ్యలోనే ఉందా లేక పక్కకు ఒరిగిందా అన్నవీ చూస్తారు.

గడ్డ మెడలో ఉంటే చేతులు, కళ్లు, నాడి ఎందుకు చూస్తారు?

కొన్ని అడినోమాలు మెదడు దిగువనున్న పిట్యుటరీ గ్రంథి ఆజ్ఞతో పని లేకుండా సొంతంగా హార్మోను తయారుచేస్తాయి. అమెరికా వైద్యుడు హెన్రీ ప్లమ్మర్ 1913లో దీన్ని, గ్రంథి మొత్తం అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి నుంచి వేరుగా గుర్తించారు. ఇలాంటివి సాధారణంగా మూడు సెంటీమీటర్ల దగ్గరికి పెరిగాకే పూర్తి లక్షణాలు చూపుతాయి. నాడి వేగంగా కొట్టుకోవడం, చాచిన వేళ్లలో సన్నని వణుకు, బరువు తగ్గడం, మోకాలి దగ్గర సుత్తితో తడితే కాలు చురుగ్గా ఎగరడం కనబడతాయి. వయసు మళ్లినవారిలో గుండె లయ తప్పడమే మొదటి గుర్తు కావచ్చు. పై రెప్ప కంటి గుడ్డు వెంట ఆలస్యంగా దిగడం ఇందులో ఉండవచ్చు గాని, కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడం ఉండదు, అది గ్రేవ్స్ వ్యాధి లక్షణం. ఇంకో ఆసక్తికరమైన సంగతి ఏమంటే, పనిచేస్తున్న గడ్డ ఒక పక్క ఉంటే అవతలి తమ్మె పని లేక ముడుచుకుపోయి చేతికి దొరకదు.

ఇక్కడ మన ఊరి గురించి ఒక మాట చెప్పాలి. తడిగా ఉన్న అరచేయి కూడా హార్మోను ఎక్కువైన గుర్తుగా పుస్తకాల్లో ఉంటుంది. కాని విశాఖలో మే నెల ఉక్కపోతలో, సముద్రపు తేమలో, ఓపీలో గంటసేపు కూర్చున్న ఎవరి అరచేయి పొడిగా ఉంటుంది? అందుకే తడిని కాక వెచ్చదనాన్ని చూస్తాం. హార్మోను ఎక్కువైన చేయి వెచ్చగా తడిగా ఉంటుంది, కంగారుతో చెమర్చిన చేయి చల్లగా తడిగా ఉంటుంది. వణుకు కంటికి స్పష్టంగా తెలియకపోతే చాచిన చేతివేళ్ల మీద ఒక కాగితం పరిస్తే, దాని అంచు అదురుతుంది. ఆ సమయంలో ఫ్యాన్ ఆపాలని గుర్తుండటం ముఖ్యం.

మాది సముద్రం పక్కనే, చేపలు తింటాం. అయినా థైరాయిడ్ గడ్డ ఎలా వచ్చింది?

అయోడిన్ లోపం గాయిటర్‌కు ఒక కారణం మాత్రమే. అడినోమా గ్రంథిలోని ఒకే కణంలో వచ్చిన జన్యుమార్పు వల్ల మొదలై పెరగవచ్చు, దానికి మీ కంచంలోని చేపతో సంబంధం లేదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, అది అయోడైజ్డ్ ఉప్పుతోనే సమకూరుతుంది. గడ్డ కనిపించిందని సొంతంగా అయోడిన్ మందులు వాడితే, సొంతంగా హార్మోను తయారుచేసే గడ్డ ఉన్నవారిలో హార్మోను ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో అద్దం ముందు చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. గడ్డం కాస్త పైకెత్తి, నీళ్లు మింగుతూ, కంఠమణికి కింద, కాలర్ ఎముకలకు పైన ఏదైనా ఉబ్బు కదులుతోందేమో గమనించండి. కంఠమణి కూడా లేస్తుంది, దాన్నే గడ్డ అనుకోవద్దు. ఏమీ కనబడలేదంటే గడ్డ లేదని కాదు. రోజూ తడుముకోవడం వల్ల ప్రయోజనం లేకపోగా, లేని ఆందోళన పెరుగుతుంది.

పరీక్ష అయ్యాక ఏం చేస్తారు?

మొదట రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యుటరీ హార్మోను) చూస్తారు, మెడకు అల్ట్రాసౌండ్ చేస్తారు. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే ఆ గడ్డ హార్మోను తయారుచేస్తోందేమో తెలుసుకోవడానికి న్యూక్లియర్ స్కాన్ చేస్తారు. అలా ‘హాట్’గా, అంటే హార్మోను తయారుచేస్తోందని తేలిన గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు కాబట్టి దానికి సాధారణంగా సూది పరీక్ష అవసరం ఉండదు. గర్భిణులకు ఈ న్యూక్లియర్ స్కాన్ చేయరు, సూది పరీక్ష మాత్రం చేయవచ్చు.

మిగిలినవారిలో సూది పరీక్ష ఎవరికి అవసరమో గడ్డ రూపమూ పరిమాణమూ నిర్ణయిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో గడ్డ రూపాన్నిబట్టి అనుమానాన్ని తరగతులుగా చెప్పే టీ-రాడ్స్ లెక్కలో బాగా అనుమానాస్పదమైన అయిదో తరగతి గడ్డకు ఒక సెంటీమీటరు నుంచి, నాలుగో తరగతికి ఒకటిన్నర నుంచి, మూడో తరగతికి రెండున్నర సెంటీమీటర్ల నుంచి సూది పరీక్ష సూచిస్తారు. సూది పరీక్ష ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతులుగా రాస్తారు. రెండో తరగతి అంటే నిరపాయకరమని. మీ రిపోర్టులో ‘కేటగిరీ 2’ అని ఉంటే అది రెండో దశ క్యాన్సర్ కాదు. ఈ అపోహతో ఇంటిల్లిపాదీ రాత్రంతా నిద్రపోకుండా ఉదయాన్నే వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

క్యాన్సర్ కాదని తేలింది. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?

స్కానింగ్‌లో అనుమానం తక్కువగా ఉండి సూది పరీక్ష కూడా నిరపాయకరమని చెబితే, ఏడాది నుంచి రెండేళ్లలోపు మళ్లీ అల్ట్రాసౌండ్ చేయించి, దానితోపాటు మెడను కూడా చూపించుకోవాలి. రెండు కొలతల్లో కనీసం 20 శాతం, అదీ కనీసం రెండు మిల్లీమీటర్లు పెరిగితేనే నిజంగా పెరిగినట్టు లెక్క. ఇద్దరు వేరువేరు డాక్టర్ల వేళ్ల మధ్య, రెండు వేరువేరు స్కానింగ్ యంత్రాల మధ్య అంతకన్నా చిన్న తేడాలు సహజం.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులతోపాటు రెండు మూడేళ్ల కిందటి పెళ్లి ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకోండి. “గడ్డ పెరగలేదండీ, జాకెట్టే బిగుతైంది” అన్న ఒకావిడ ఫోటోలో మెడ నున్నగా ఉంది, ఎదురుగా కూర్చున్న మెడలో నల్లపూసలు గడ్డకు ఒక పక్కకు జారి ఉన్నాయి. మెడ మూసుకుపోని బట్టలు వేసుకుని రండి, గొలుసులు ఇంట్లోనే పెట్టి రండి. నీళ్లు మేమే ఇస్తాం.